మేష్టారూ, ఓ డౌటు: పాలూ పంచదారా "జాయిన్" అవుతాయా?

ప్రశ్న: మేష్టారూ నమస్కారం. మా గుంటడు ఐదో తరగతి, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ట్యూషన్‌లో ఇంగ్లీషు. "ఐ జాయిన్డ్ మిల్క్ అండ్ షుగర్" అని రాస్తే టీచరు తప్పు కొట్టేసింది. జాయిన్ అంటే కలపడమే కదా, తప్పేటండీ?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: తప్పు వాడిది కాదమ్మా, మన "కలపడం"ది. పప్పూ అన్నం కలుపుతాం, చేతులు కలుపుతాం, ఫోన్ కలుపుతాం, వరసలు కూడా కలుపుతాం, అన్నిటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో అలా కుదరదు, కలిపాక ఏం మిగిలిందో చూసి మాట మార్చాలి. పాలల్లో పంచదార వేస్తే మిక్స్. రెండు పైపులు అతికిస్తే జాయిన్, ఎందుకంటే ఆ అతుకు కనబడుతూనే ఉంటుంది, ఈ పైపు ఇదే, ఆ పైపు అదే. రెండూ కలిసి ఒక పని చేస్తే కంబైన్. మెర్జ్ అంటే ఒకటి ఇంకోదాంట్లోకి వెళ్ళిపోయి పేరు కూడా మిగలదు, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ వెళ్ళి యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది చూడండి, బోర్డు మారింది, పాస్‌బుక్ మారింది, అదీ మెర్జ్ అంటే. పెద్దదానికి చిన్నది తగిలిస్తే అటాచ్, మెయిల్‌కి ఫోటో తగిలించినట్టు.

ఇంకో రెండు చెప్పండి మీవాడికి. కాలేజీలో చేరితే "జాయిన్ ద కాలేజ్" అంతే, మధ్యలో "విత్" పెట్టొద్దు. "కంబైన్ టుగెదర్" అనొద్దు, అది మనవాళ్ళు "నడి సెంటర్లో" అన్నట్టు ఉంటుంది.

ప్రశ్న: సార్, బ్రంచ్, స్మాగ్, మోటెల్ ఇవి సంధులా సమాసాలా? మరి బ్లాక్‌బోర్డ్?
– డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: తమ్ముడూ మొదటి మూడూ రెండూ కావు. సంధిలో పోయేది మాటలు కలిసేచోట ఓ అచ్చు, "వాడు ఎక్కడ" అన్నది "వాడెక్కడ" అయితే లోపల మాటలు రెండూ తెలుస్తూనే ఉంటాయి. బ్రంచ్‌లో అలా కాదు, బ్రేక్‌ఫాస్ట్ తోకా లంచ్ తలా కత్తిరించి మిగతా ముక్కలు కుట్టేశారు. స్మోకూ ఫాగూ కలిసి స్మాగ్, మోటారూ హోటలూ కలిసి మోటెల్. వీటిని బ్లెండ్ అంటారు, ఇంకో పేరు పోర్ట్‌మాంటో. అదేమో రెండు అరలుగా తెరుచుకునే పాతకాలం పెట్టె పేరు. 1871లో లూయిస్ కారల్ తన పిల్లల పుస్తకంలో హంప్టీ డంప్టీ చేత, ఒక మాటలో రెండు అర్థాలు సర్దేశారు, పోర్ట్‌మాంటోలా ఉంది అనిపించాడు, అప్పట్నుంచి ఆ పేరు అతుక్కుపోయింది.

బ్లాక్‌బోర్డ్ మాత్రం అసలైన సమాసం, కాంపౌండ్. కలిపి రాస్తే బడి బోర్డు, విడిగా రాస్తే ఏదో నల్లటి బోర్డు. పలకడంలోనూ తేడా ఉంది, సమాసమైతే మొదటి మాటని ఒత్తి పలుకుతాం. నేను పనిచేసిన బడిలో బ్లాక్‌బోర్డ్ పచ్చగా ఉండేది, అయినా బ్లాక్‌బోర్డే! ఇంకో సంగతి, ఈ సమాసాల్లో పెత్తనం చివరి మాటది, మనలాగే. చింతచెట్టు చెట్టే, చెట్టుచింత అని ఎవరూ అనరు. హౌస్‌బోట్ అంటే పడవ, బోట్‌హౌస్ అంటే పడవలు పెట్టుకునే ఇల్లు. ఈ ఒక్కటీ పట్టుకుంటే సగం తప్పులు పోతాయి. కానీ రెడ్‌హెడ్ అంటే ఎర్ర తల కాదు, ఎర్రజుట్టు మనిషి, మన ముక్కంటి అంటే కన్ను కాదు శివుడు అయినట్టు. ఇలాంటి వాటికి ఇంగ్లీషు భాషాశాస్త్రవేత్తలు కూడా వాడేది మన సంస్కృతం పేరే, బహువ్రీహి. గుణుపురంలో కూర్చుని మనం భయపడుతున్నాం గానీ!

ప్రశ్న: మీటింగు ముందుకు జరిపితే "ప్రీపోన్" అంటాం కదా, అది తప్పని మా ఆఫీసరు అంటారు. నిజమేనా?
– గుమస్తా, రాయగడ

జవాబు: ఇది మన దేశంలో వాడుకలో ఉన్న మాట, ఇంగ్లండ్ డిక్షనరీలు కూడా ఇండియన్ ఇంగ్లీష్ అని గుర్తు పెట్టి మరీ ఎక్కించాయి. వాయిదా వేయడాన్ని పోస్ట్‌పోన్ అంటారు కదా, లాటిన్‌లో "పోస్ట్" అంటే తర్వాత, "పోన్" అంటే పెట్టడం, మనవాళ్ళు ముందు ముక్క తీసేసి "ప్రీ" తగిలించారు, పద్ధతిగానే ఉంది. విదేశం వాళ్ళకి రాసేటప్పుడు మాత్రం వేరేలా రాయండి. మీ ఆఫీసరుతో వాదన పెట్టుకోకండి.

ప్రశ్న: నౌపడా జంక్షన్‌లో బండి మారినప్పుడల్లా అనుకుంటాను, జంక్షన్‌కీ జాయింట్‌కీ సంబంధం ఉందా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాశీనగరం

జవాబు: ఉంది బాబూ, అన్నదమ్ములే. లాటిన్‌లో "యుంగెరె" అంటే కలపడం, దాన్నుంచే జంక్షన్, జాయిన్, జాయింట్, కంజంక్షన్ అన్నీ. ఇంకా తమాషా ఏంటంటే సంస్కృతం "యుజ్" ధాతువుది కూడా అదే వంశం, అంటే మన యోగం, సంయుక్తాక్షరం, ఇంగ్లీషులో ఎడ్ల కాడిని యోక్ అంటారే అదీ, అన్నీ చుట్టాలే. 1900లో మొదలైన మన నౌపడా-పర్లాకిమిడి చిన్నబండి లైను పెద్ద గేజికి మారింది గానీ, కలిసే చోటు మాత్రం ఇప్పటికీ నౌపడాయే.

ప్రశ్న: "కంబైనింగ్ ఫామ్" అంటే తెలుగులో ఒక్క ముక్కలో చెప్పండి.
– బీఈడీ విద్యార్థిని, బరంపురం

జవాబు: ఒంటరిగా నిలబడలేక ఇంకో మాటలో చేరడానికే ఉన్న రూపం తల్లీ, థర్మోమీటర్‌లో "థర్మో" లాగ. కానీ దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లీషులో వెతక్కండి, మన కొండల్లోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర అనే గిరిజన భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చేశారు కదా. సవరలో చాలా నామవాచకాలకి ఒక నిండు రూపం, ఒక పొట్టి రూపం ఉంటాయి, ఆ పొట్టిది క్రియ లోపలికే దూరిపోతుంది, "నిన్ను పులి పట్టుకుంటుంది" అన్న వాక్యమంతా ఒక్క మాట! పులి, పట్టడం, నువ్వు, అన్నీ అందులోనే. ఇంట్లో సవర మాట్లాడే పాఠకులు ఎవరైనా ఉంటే ఇలాంటివి ఓ నాలుగు రాసి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం.