పాట ఒక చెవిలో, డ్రమ్స్ మరో చెవిలో వినిపిస్తుంటే

మీ హెడ్‌ఫోను పాడవలేదు. 1960ల బ్రిటిష్ మాడ్ బృందాలు (ఆనాటి యువత ఫ్యాషన్-సంగీత ధోరణికి చెందిన రాక్ బృందాలు) మోనో మిక్స్ మీదే, అంటే రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని వినిపించే కూర్పు మీదే శ్రద్ధ పెట్టేవి; రెండు చెవులకూ వేర్వేరు ధ్వని ఇచ్చే స్టీరియోది చాలాసార్లు సవతి బిడ్డ స్థానమే. అందుకే గొంతు ఒక పక్క, డ్రమ్స్ మరో పక్క.

1. ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి.

2. ఎడమ-కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉంచండి.

3. అందరూ మరిచిపోయేది ఇదే: మీరు వింటున్నది ఏ విడుదలో చూడండి. ద హూ అనే మాడ్ బృందం తొలి ఆల్బమ్ 1965లో బ్రిటన్‌లో మోనోలోనే వచ్చింది. స్టీరియో మిక్స్ 2002లో గానీ రాలేదు. కొన్ని పాత అమెరికా ప్రతుల్లో ఉన్నది మోనోనే రెండుగా చీల్చిన నకిలీ స్టీరియో. దాన్ని మళ్లీ కలిపితే గిటారు డొల్లగా మోగుతుంది (నేను వారం రోజులు ఇయర్‌ఫోన్‌నే తిట్టుకున్నాను). అలాంటప్పుడు మొదటి మెట్టు పనిచేయదు. ‘మోనో’ అని రాసి ఉన్న విడుదలనే వెతకండి.