స్కూబా డైవింగ్‌లో బోటుకి దూరంగా తేలితే కనపడ్డానికి ఏం కొనాలి, ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలి?

మీరు అడిగింది ఏంటంటే, ఈ మధ్యే ఓపెన్ వాటర్ కోర్సు, అంటే డైవింగ్‌లో మొదటి కోర్సు అయ్యింది, చెన్నైలో, పాండిచ్చేరిలో నాలుగైదు డైవ్‌లు చేశారు, జనవరిలో అండమాన్ వెళ్తున్నారు, బోటుకి దూరంగా పైకి తేలితే వాళ్ళకి కనపడ్డానికి ఏం కొనాలి, అవి ఎక్కడ తగిలించుకోవాలి, పీఎల్‌బీ, అంటే ఆపదలో ఉపగ్రహానికి సిగ్నల్ పంపే చిన్న పరికరం కూడా కావాలా అని. నేను షోలింగనల్లూర్‌లో ఉంటాను, మాది నెల్లూరు, ఉద్యోగానికి చెన్నై వచ్చాక డైవింగ్ నేర్చుకున్నా. ఒకసారి బోటు కళ్ళ ముందే ఉండి కూడా దాదాపు 50 నిమిషాలు నీళ్ళలో ఉండిపోయాం, అందుకని ఈ ప్రశ్న చూసి వదిలెయ్యలేక కాస్త పెద్దగానే రాస్తున్నా.

అది మార్చి నెల, ఆదివారం. ఈసీఆర్, అదే చెన్నై నుంచి తీరం వెంబడి పోయే రోడ్డు, అటు నుంచి ఫైబర్ బోట్‌లో వెళ్ళాం, నేను, మా బావమరిది, ఇంకో ముగ్గురు. కింద మూడు నాలుగు మీటర్ల కంటే కనపడట్లేదు, మిగతా ముగ్గురు మా నుంచి తప్పిపోయారు, ఒక నిమిషం వెతికి నేర్పినట్టే మేమిద్దరం మెల్లగా పైకొచ్చేశాం. పైకొచ్చి చూస్తే బోటు ఒక 300 మీటర్ల దూరంలో ఉంది, అదీ కరెంట్‌కి ఎదురు వైపు. మన తూర్పు తీరం వెంబడి ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్ళు ఉత్తరానికి పారతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి తిరుగుతాయి, ఈ సంగతి నాకు అప్పటికి తెలీదు, ఈదితే చేరిపోతాం అనుకుని పది నిమిషాలు కాళ్ళు ఆడించి ఆడించి చూస్తే బోటు ఇంకా చిన్నదైపోయింది. ఈలోపు ఆ ముగ్గురు ఎక్కేశారు, బోటు లంగరు తీసి మాకోసం వెతకడం మొదలుపెట్టింది, కాని దక్షిణం వైపు. "బావా, వాళ్ళు అటు పోతున్నారు" అన్నాడు మా వాడు, ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా దగ్గర మంచి సాసేజ్ ఉంది, అదే డీఎస్ఎంబీ, నీళ్ళలోంచి పైకి వదిలే పొడుగాటి బెలూన్. అది ఎక్కడుందంటే బోట్‌లో, నా మెష్ బ్యాగ్‌లో. ఈరోజు లంగరు వేసిన బోటే కదా, తాడు పట్టుకొనే ఎక్కుతాం కదా అని వదిలేశా. మా బావమరిది దగ్గర డైవ్ సెంటర్ వాళ్ళు ఇచ్చింది ఉంది, ఒక మీటరు పొడుగు, అడుగు తెరిచి ఉండే రకం. దాన్ని ఊది పైకెత్తితే రెండు క్షణాలు నిలబడుతుంది, అల తగిలి పక్కకి వాలగానే అడుగు నుంచి గాలి మొత్తం పోతుంది, మళ్ళీ ఊదాలి. విజిల్ ఊదాం, గాలి మా మొహం మీదకే వీస్తోంది, అటు బోట్‌లో ఇంజన్ మోత, ఎవరికి వినపడుతుంది? చివరికి ఏం చేశామంటే నా ఫిన్స్, అంటే ఈదడానికి కాళ్ళకి వేసుకునే రెక్కలు, పసుపు రంగువి, ఒకటి ఊడదీసి చెయ్యి పైకెత్తి ఊపుతూ ఉన్నా. అది చూసి ఒక జాలర్ల బోటు వచ్చింది. అందులో పెద్దాయన తమిళంలో అన్న మాట ఏంటంటే, ఆ నారింజ రంగుది ఇందాకే చూశాం, ఎవరిదో వల బెండు అనుకున్నాం, పసుపుది ఊగుతుంటే అప్పుడు మనిషని తెలిసింది అని.

ఆ మాట మీద నేను చాలా ఆలోచించా. మనకి బోటు కనపడుతోంది కాబట్టి వాళ్ళకీ మనం కనపడుతున్నాం అనుకుంటాం. నీళ్ళలో ఉన్న మన కన్ను అలకి ఒక జానెడు పైన ఉంటుంది, అక్కడ్నుంచి దిగంతం ఒక కిలోమీటరు పైచిలుకు, అందులో బోటు పెద్ద వస్తువు కాబట్టి మనకి కనపడుతుంది. బోట్‌లో నిలబడ్డ మనిషికి దిగంతం 5 కిలోమీటర్లు, కాని ఆ 5 కిలోమీటర్ల నీళ్ళలో అతను వెతకాల్సింది కొబ్బరికాయంత తలకాయ, అదీ ఒక మీటరు అల లేస్తే సగం సేపు దాని వెనకే దాక్కుంటుంది. కాబట్టి మీరు కొనే ఏ వస్తువైనా రెండు ప్రశ్నలు అడగండి, అది నన్ను అల పైకి లేపి చూపిస్తుందా, చూసినవాడికి అది మనిషని అర్థమవుతుందా.

మీ డబ్బులు ముందు సాసేజ్ మీద పెట్టండి, చిన్నది వద్దు, 1.8 మీటర్లు అంటే ఆరడుగులది తీసుకోండి. అడుగు మూసి ఉండాలి, నోటితో ఊదే గొట్టం ఉండాలి, గాలి ఎక్కువైతే వదిలే వాల్వ్ ఉండాలి, ఇది ఒకసారి నిండితే పక్కకి వాలినా గాలి పోదు. పై చివర వెలుతురు పడితే మెరిసే టేపు ఉన్నది దొరికితే ఇంకా మంచిది, రాత్రి బోటు సెర్చ్ లైట్ దాని మీద పడితే దూరం నుంచే మెరుస్తుంది. రంగు నారింజ అయినా ఎరుపు అయినా సరే, పసుపు కొన్నిచోట్ల సాయం కావాలి అనడానికి వాడతారు కాబట్టి మీరు వెళ్ళే సెంటర్‌లో ఏ రంగుకి ఏ అర్థమో బ్రీఫింగ్‌లోనే అడిగెయ్యండి. దానికి 30 మీటర్ల తాడు చుట్టిన ఫింగర్ స్పూల్, అంటే వేలు దూర్చి పట్టుకునే చిన్న ఉండ చాలు, పిడి తిప్పి చుట్టే రీల్ బరువు, పైగా చిక్కు పడితే విడదీయడం కష్టం.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. సాసేజ్ నిండినంత మాత్రాన నీళ్ళ మీద నిలబడదు, తాడు పట్టుకొని కిందకి లాగి ఉంచాలి, మీ బరువు దాని అడుగున పడితేనే అది నిటారుగా లేస్తుంది, లేకపోతే పాములా పడుకుని ఉంటుంది, ఆరడుగులు కొన్న డబ్బు వృథా. కింద నుంచి వదలాలంటే సేఫ్టీ స్టాప్ దగ్గర, అంటే పైకొచ్చే ముందు కాసేపు ఆగే చోట, 5 మీటర్ల లోతులో వదలడం మొదట నేర్చుకోండి. గాలి తక్కువ చాలు, 10 మీటర్ల దగ్గర సగం నింపితే పైకెళ్ళేసరికి అది రెండింతలై నిండిపోతుంది. స్పూల్‌ని మాత్రం ఒంటికి తగిలించి ఉంచుకోవద్దు, వేళ్ళ మధ్య వదులుగా పట్టుకోండి, తాడు ఇరుక్కుంటే వెంటనే వదిలెయ్యండి, సాసేజ్ పోయినా పర్లేదు, అది మిమ్మల్ని 5 మీటర్ల నుంచి ఒక్కసారిగా పైకి ఈడ్చుకుపోతే ఊపిరితిత్తులకి ప్రమాదం. నేను సుమారు 20 సార్లు వదిలాక గాని చేతులకి అలవాటు కాలేదు.

విజిల్ గురించి, లోపల గోళీ లేని రకం కొనండి, ఫాక్స్ 40 లాంటిది, గోళీ ఉన్నది తడిస్తే సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. విజిల్ వల్ల లాభం లేదని నేను అనను, ఇంజన్ ఆపి వెతుకుతున్న బోటుకి, రాత్రిపూట దగ్గరలో ఉన్న బడ్డీకి, అంటే మీ జోడీ డైవర్‌కి అది చాలా పనికొస్తుంది, ఇంజన్ నడుస్తున్న బోటు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంకా గట్టిగా కావాలంటే బీసీడీ, అంటే గాలి నింపుకునే డైవింగ్ జాకెట్, దానిలోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ గొట్టానికి తగిలించే డైవ్ అలర్ట్ లాంటి హారన్లు ఉన్నాయి, సిలిండర్‌లో గాలితో మోగుతాయి, అంటే పైకొచ్చేసరికి సిలిండర్‌లో గాలి మిగిలి ఉండాలి.

అద్దం దగ్గర కాస్త ఆగుతా, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన చెన్నై ఎండలో అరచేతిలో సగం ఉండే సిగ్నల్ అద్దం కిలోమీటర్ల దూరం కొడుతుంది, బ్యాటరీ లేదు, పాడయ్యేదేం లేదు. ఆ రోజు తర్వాత ఇంకో ట్రిప్‌లో నేను బోట్‌లో నిలబడి మా బావమరిదిని ఒక అరకిలోమీటరు దూరంలో ఉంచి ఒక్కోటీ చూపించమన్నా. ఒక మీటరు సాసేజ్ వెతికితే గాని దొరకలేదు, ఆరడుగులది దొరికింది, అద్దం మాత్రం నేను వేరే వైపు చూస్తున్నా పక్క నుంచి కంట్లో గుచ్చింది. మధ్యలో రంధ్రం ఉన్నది కొంటే గురి పెట్టడం తేలిక. రంధ్రం లేకపోతే ఒక చెయ్యి చాపి రెండు వేళ్ళ మధ్య బోటుని పెట్టి, ఆ వేళ్ళ మీద వెలుతురు పడేలా అద్దం తిప్పితే సరిపోతుంది. ఇంట్లో పాత సీడీ ఉంటే అదీ పనిచేస్తుంది, మధ్యలో రంధ్రం ఎలాగూ ఉంటుంది. మబ్బు పడితే, సాయంత్రం అయితే ఇది పనిచెయ్యదు, అప్పుడు టార్చ్ కావాలి. అందుకే పగలు డైవ్ అయినా చిన్న టార్చ్ ఒకటి జేబులో ఉంచండి, మధ్యాహ్నం తప్పిపోయినవాళ్ళు దొరికేసరికి చీకటి పడొచ్చు. చీకట్లో ఆ టార్చ్‌ని సాసేజ్‌కి ఆనించి వెలిగిస్తే మొత్తం లాంతరులా వెలుగుతుంది.

ఇక పీఎల్‌బీ. అది 406 మెగాహెర్ట్‌జ్ మీద కోస్పాస్-సార్శాట్ అనే అంతర్జాతీయ రెస్క్యూ వ్యవస్థ ఉపగ్రహాలకి సిగ్నల్ పంపుతుంది, కనీసం 24 గంటలు. మన దేశానికి ఆ సిగ్నల్ వచ్చే కేంద్రం బెంగళూరులోనే ఉంది, ఇస్రో వాళ్ళ ఇస్ట్రాక్ అనే కేంద్రంలో, అక్కడ్నుంచి సమాచారం కోస్ట్ గార్డ్ సముద్ర రెస్క్యూ కేంద్రాలకి వెళ్తుంది, అవి ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఉన్నాయి. వినడానికి చాలా బాగుంటుంది, కాని కొనే ముందు మూడు సంగతులు చూడండి. అమెరికా నుంచి ఎవరో కజిన్‌తో తెప్పించుకుంటే అది అమెరికా కోడ్‌తో వస్తుంది, దాని రిజిస్ట్రేషన్ అక్కడే ఉంటుంది, అందుకే ఇక్కడి కోడ్ వేయించి ఇక్కడే రిజిస్టర్ చేయించుకోవాలి. రెండోది, చాలా పీఎల్‌బీలు కొన్ని మీటర్ల లోతుకే తట్టుకుంటాయి, డైవింగ్‌కి తీసుకెళ్ళాలంటే విడిగా లోతుకి తట్టుకునే డబ్బా కొనాలి. మూడోది, పైకొచ్చాక యాంటెన్నా ఆకాశం వైపు, నీళ్ళకి పైన ఉండేలా చేత్తో పట్టుకోవాలి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసేజ్ పరికరాలు మాత్రం అసలు తెప్పించకండి, అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడం నేరం, ఎయిర్‌పోర్ట్‌లోనే ఇబ్బంది పడతారు.

నాటిలస్ లైఫ్‌లైన్ అనే చిన్న పరికరం కూడా ఉంది, మూత వేసి ఉంటే 130 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుంది, పైకొచ్చి నొక్కితే మీరున్న చోటుని ఏఐఎస్, అంటే ఓడలు తామున్న చోటుని ఒకదానికొకటి చెప్పుకునే రేడియో వ్యవస్థ, దాని ద్వారా చుట్టుపక్కల ఓడలకి పంపుతుంది. పెద్ద ఓడలకి ఏఐఎస్ ఉంటుంది, కాని మనం ఎక్కే ఫైబర్ బోట్‌లో చాలాసార్లు బోటాయన మొబైల్ తప్ప ఏమీ ఉండదు, మీకు 300 మీటర్ల దూరంలో ఉన్న బోటుకి అది తెలియనే తెలియదు. అందుకని నా సలహా, నాలుగైదు డైవ్‌ల దగ్గర పీఎల్‌బీ కొనొద్దు, రోజుల తరబడి బోటులోనే ఉండే లైవ్‌అబోర్డ్ ట్రిప్‌లు, తీరానికి చాలా దూరం వెళ్ళి కరెంట్‌తో పాటు కొట్టుకుపోతూ చేసే డ్రిఫ్ట్ డైవ్‌లు మొదలుపెట్టినప్పుడు ఆలోచించండి. దానికంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర తలలు సరిగ్గా లెక్కపెట్టక ఒక అమెరికన్ దంపతుల్ని నీళ్ళలోనే వదిలేసి బోటు ఒడ్డుకొచ్చేసింది, రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు, వాళ్ళు ఎప్పటికీ దొరకలేదు. మీరు ఒడ్డున ఉన్న ఇంటివాళ్ళకి ఏ బోటు, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తాం అని మెసేజ్ పెట్టి, ఇన్నింటికి ఫోన్ రాకపోతే కోస్ట్ గార్డ్ నంబర్ 1554కి చెయ్యమని చెప్పి దిగండి. నేను ఇప్పటికీ మా ఆవిడకి ఇది పంపకుండా బోటెక్కను.

ఎక్కడ పెట్టుకోవాలి అంటే, విజిల్ ఇన్‌ఫ్లేటర్ గొట్టం మీద, మెడ వంచితే నోటికి అందేలా. అద్దం ఒక చిన్న తాడుతో బీసీడీ జేబులో లోపల డీ రింగ్‌కి, అంటే సామాన్లు తగిలించే లోహపు రింగ్‌కి కట్టెయ్యండి, చేతులు చలికి కొంకర్లు పోతే జారిపోతుంది. సాసేజ్, స్పూల్ రెండూ ముందే కలిపి చుట్టి కుడి జేబులో గాని వెనక నడుము రింగ్‌కి గాని బోల్ట్ స్నాప్ అనే లోహపు కొక్కెంతో, కళ్ళు మూసుకుని కూడా తీసేలా. వేలాడుతూ ఉంటే రీఫ్‌కి తగులుతుంది, తాడు మీకే చుట్టుకుంటుంది. బడ్డీ దగ్గర ఉంది కదా అని మీరు మానెయ్యకండి, మీరిద్దరూ విడిపోయినప్పుడే అది కావాల్సింది. ఒడ్డుకొచ్చాక అన్నీ మంచినీళ్ళలో కడగండి, బోల్ట్ స్నాప్ ఉప్పుకి బిగుసుకుపోతుంది.

సాయం అక్కర్లేనప్పుడు బోటు వైపు చెయ్యి ఊపి పలకరించొద్దు, ఒక చెయ్యి అటూ ఇటూ ఊపడం అంటే సాయం కావాలని అర్థం, బాగానే ఉంటే రెండు చేతులూ తల మీద గుండ్రంగా పెట్టండి. అండమాన్ ఫ్లైట్‌కి టార్చ్ లాంటి లిథియం బ్యాటరీ సామాన్లు క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకోండి, నిప్పుతో మండే ఫ్లేర్లు ఏ బ్యాగ్‌లోనూ తీసుకెళ్ళనివ్వరు, ఎవరైనా కొనమని చెప్పినా వద్దు.

మీరు చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు వైపే ఉంటే కొన్న స్పూల్ తీసుకుని ఒక ఆదివారం పొద్దున రండి, మా అపార్ట్‌మెంట్ పూల్ ఛాతీ లోతే గాని సాసేజ్ ఊది, తాడు లాగి నిలబెట్టడం నేర్చుకోడానికి ఆ లోతు చాలు, మా బావమరిది కూడా వస్తాడు.