ఇంట్లో చదివే పిల్లలకు ఆన్‌లైన్ క్లాసు ఎంతవరకు అవసరం?

మూడో తరగతి వయసు పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నామని, ఆన్‌లైన్ క్లాసుల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా అని మీరు విజయనగరం నుంచి అడిగారు. ఉంటుంది. కాకపోతే మీరు చెప్పలేని సబ్జెక్టు ఒక్కదానికే పెట్టండి. అది కూడా టీచరు పిల్లల్ని పేరు పెట్టి పిలిచేంత చిన్న క్లాసు అయితేనే. రోజుకు ఐదారు గంటలు ఫోను ముందు కూర్చోబెట్టేటట్టయితే పాపను బడికి పంపడమే మేలు.

మాది పలాస. మా వాడికి పదకొండేళ్లు, నాలుగో తరగతిలో ఉండగా బడి మాన్పించాం. తెలుగు, సైన్సు, సోషల్ నేనూ మావారూ చూసుకుంటాం. లెక్కలు మాత్రం హైదరాబాద్‌లో ఉండే ఒక మేడమ్ దగ్గర ఆన్‌లైన్‌లో. ఆరుగురే పిల్లలు, అందరూ ఇంట్లో చదివేవాళ్లే.

ఒకరోజు ఆవిడ కూలీలు, రోజుల లెక్క చెబుతున్నారు. ఇంతమంది కూలీలు గోడను ఇన్ని రోజుల్లో కడితే, అంతమంది ఎన్ని రోజుల్లో కడతారు అని. మా వాడికి ఎంతకీ ఎక్కలేదు. మేడమ్ పుస్తకం పక్కన పెట్టి "మీ ఊళ్లో ఏం దొరుకుతుందిరా?" అన్నారు. పలాసవాడు ఇంకేం చెబుతాడు, జీడిపప్పు అన్నాడు. "అయితే దాని లెక్క నువ్వే మాకు చెప్పు, వచ్చే క్లాసు నీదే" అన్నారు.

వీడు తిన్నగా పక్కింటి పిన్ని దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది. డబ్బాల మీద 180, 210, 240, 320 అని నంబర్లు ఉంటాయి కదా, అవి ఏటని అడిగితే "పౌనుకి ఎన్ని పప్పులు తూగితే అదే నంబరు బాబూ" అంది. పౌను అంటే సుమారు 454 గ్రాములు. రెండు రకాలు గుప్పెడు గుప్పెడు తెచ్చుకుని, కిరాణా కొట్టు కాటా మీద వంద గ్రాములు తూచి లెక్కపెట్టాడు. 320 రకం 70 దాకా వచ్చాయి, 180 రకం 40 లోపే.

క్లాసులో ముందు పప్పు చూపించకుండా "320 పెద్దదా, 180 పెద్దదా?" అని అడిగాడు. అందరూ 320 అన్నారు. అప్పుడు రెండూ కెమెరా ముందు పెట్టాడు. మస్కట్‌లో ఉండే పాప ఒకతి లేచి వెళ్లి వాళ్లింట్లో ప్యాకెట్ తెచ్చి నంబరు వెతికింది. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతోంది కదా, దీన్నే విలోమానుపాతం అంటారని మేడమ్ అక్కడ అందుకున్నారు. కూలీల లెక్క ఆ తర్వాత వాడే చేసేశాడు. అంతటితో ఆగలేదు. ఒలవని జీడిపిక్క చూపించి, పెంకులో నూనె చేతికి తగిలితే బొబ్బలెక్కుతుందని, పిక్కలు కొట్టేవాళ్లు అందుకే చేతులకు బూడిద రాసుకుంటారని చెప్పాడు. ఆ నూనె వాహనాల బ్రేకుల్లో, రంగుల్లో వాడతారని మేడమ్ చెబితే నాకూ అప్పుడే తెలిసింది. ఇదే సంగతి నేను చెప్పి ఉంటే వాడు "ఊఁ" అని ఊరుకునేవాడు. ఇంట్లో చదివే పిల్లలకు కరువయ్యేది తోటి పిల్లలు, బయటి మనిషి వేసే ప్రశ్న. అవి ఇవ్వని క్లాసుకు పైసా కట్టకండి.

రికార్డు చేసిన వీడియోలు అమ్మేవాళ్ల ఫోన్లతో ప్రాణం విసిగిపోయింది. "మీ బాబు వెనకబడిపోతాడు మేడమ్" అని తల్లులకు టెన్షన్ పెట్టి ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకోవడం అన్యాయం. వీడియోలు కావాలంటే ప్రభుత్వం వాళ్ల దీక్షా యాప్, ఖాన్ అకాడమీ వెబ్‌సైటు ఉచితమే. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం ఈ-విద్య కింద ఒక్కో తరగతికి ఒక్కో టీవీ చానల్ ఉంది.

పుస్తకాలు మాత్రం ఇంట్లో ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పటికీ గట్టిగా గాలి వీస్తే మాకు నెట్ పోతుంది. చదువంతా నెట్ మీదే పెట్టుకుంటే ఆ రోజుల్లో పిల్లలు ఏం చేస్తారు?

"గుంటడిని బడికి పంపరేటి?" అనేవాళ్లు మీకూ ఉంటారు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, చేర్పించకపోతే శిక్ష అని మాత్రం అందులో లేదు. ఇంటి చదువు ప్రస్తావనే లేదు. కాబట్టి సర్టిఫికెట్ సంగతి ఇప్పుడే చూసుకోండి. బడికి వెళ్లకుండానే చదివి పరీక్షలు రాయడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్‌లో ఎ స్థాయి మూడో తరగతికి, బి ఐదుకు, సి ఎనిమిదికి సమానం. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి, తెలుగు మీడియం ఉంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఆ సిలబస్ ముందే తెచ్చుకుని, క్లాసు మొదలయ్యే రోజే ఆన్‌లైన్ టీచరు చేతిలో పెట్టండి.