ఎవరి డబ్బుతో అచ్చవుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి: యుద్ధంలో వార్తలు రాసేవాళ్లకు బయటి నుంచి అందే సాయం. అందుకే వాటికే ఈ పేజీ అంతా ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఉక్రెయిన్‌లోని జపోరిజ్జియాలో ఎంబీబీఎస్ చదువుతుండగా యుద్ధం వచ్చింది. 2022 మార్చిలో నానా తిప్పలు పడి సరిహద్దు దాటి ఇంటికి చేరాడు. ఇప్పటికీ ఆ ఊరి వార్తలు రోజూ ఫోన్‌లో చూస్తుంటాడు. అక్కడి చిన్న పత్రికలు చాలావరకు విదేశీ దాతల డబ్బుతో నడుస్తున్నాయని వాడే చెప్పాడు. పరాయి దేశం డబ్బు తీసుకుని రాసేది వార్త ఎలా అవుతుంది? మన దగ్గర అది నిషేధం కదా?
– ఓ తండ్రి, తెనాలి

జవాబు: నిషేధమన్న మాట నిజమేనండీ. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలో మూడో సెక్షన్ చూడండి. రిజిస్టరైన పత్రికకు విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు, ఎడిటర్, యజమాని, ప్రింటర్, పబ్లిషర్, వీళ్లలో ఎవరూ విదేశీ విరాళం తీసుకోకూడదు. ఈ శీర్షిక రాస్తున్నాను కాబట్టి నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను. డబ్బు వెంట పరాయివాడి మాట కూడా వస్తుందన్న భయంతో పెట్టిన నిబంధన అది. ఆ భయం ఉత్తదని నేననను. కానీ మీ అబ్బాయి చదివిన ఊళ్లో ఏం జరిగిందో కూడా చూడాలి.

ఉక్రెయిన్‌లో ఊరి పత్రికలు చాలాకాలం స్థానిక ప్రభుత్వాల చేతుల్లో ఉండేవి. 2016లో అమల్లోకి వచ్చిన చట్టంతో మూడేళ్లలో వాటిని ప్రభుత్వం నుంచి విడదీశారు. అప్పటి నుంచి పోస్టులో వెళ్లే చందా కాపీలు, ఊళ్లో షాపులవాళ్లు ఇచ్చే ప్రకటనలే వాటికి ఆధారం. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయ్యాక కొద్ది రోజుల్లోనే ఆ రెండూ పోయాయి. షాపు మూతపడితే ప్రకటన ఎవరిస్తారు? చందాదారుడు పిల్లల్ని తీసుకుని పోలండ్ వెళ్లిపోతే కాపీ ఎవరికి పంపాలి?

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, చిన్న మోతాదులో చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖపట్నంలో ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో పనిచేసేదాన్ని. కరెంటు లేదు. ఫోన్లు పలకవు. ఎలాగో అచ్చేసి తెచ్చిన పేపర్ కట్టలు సందు మొదట్లో దించగానే జనం చేతుల్లోంచి లాక్కుని చదివారు. పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతాయి, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, ఏ రోడ్డు మీద చెట్లు తీశారు, ఇవే వాళ్లకు కావాల్సిన వార్తలు. అప్పటిదాకా పేజీలు నింపిన రాజకీయాలు ఒక్కరూ అడగలేదు. మాకది కొద్ది రోజుల కష్టం. జపోరిజ్జియా వాళ్లకు ఏళ్ల తరబడి సాగుతోంది.

ఇజ్యూమ్ అనే పట్టణం 2022లో నెలల తరబడి రష్యా సైన్యం చేతిలో ఉండి, సెప్టెంబరులో విడుదలైంది. కరెంటు, ఇంటర్నెట్ లేని ఆ ఊరికి మళ్లీ కాగితం మీద పత్రిక తేవడానికి ఉక్రెయిన్ జర్నలిస్టుల యూనియన్ సాయం చేసింది. మందుపాతరలు ఎక్కడున్నాయి, పింఛను ఎక్కడ ఇస్తున్నారు, ఖాళీ చేయించే బస్సు ఎక్కడి నుంచి బయల్దేరుతుంది, ఇవన్నీ సరిహద్దు ఊళ్లలో ఎవరో ఒకరు రాసి ఇంటింటికీ చేర్చాల్సిందే. ఎవరూ చేర్చకపోతే అవతలివైపు నుంచి వచ్చే రేడియో ఒక్కటే వాళ్లకు మిగులుతుంది.

యుద్ధం తొలి నెలల్లో వచ్చిన సాయం చాలావరకు వస్తువుల రూపంలోనే వచ్చింది. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రెండు సంస్థలు, అంతర్జాతీయంగా రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్, ఉక్రెయిన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ ఇన్ఫర్మేషన్, 2022 మార్చిలో కలిసి లివీవ్ నగరంలో ఒక కేంద్రం తెరిచాయి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, హెల్మెట్లు అక్కడ అరువిచ్చేవారు. తర్వాత జర్నలిస్టుల యూనియన్, అంతర్జాతీయ జర్నలిస్టుల సమాఖ్య, యునెస్కో కలిసి మరికొన్ని ఊళ్లలో సంఘీభావ కేంద్రాలు పెట్టాయి. వాటిలో ఒకటి మీ అబ్బాయి ఊళ్లోనే ఉంది. ఇల్లూ ఆఫీసూ వదిలి వచ్చిన విలేకరి కూర్చుని రాసుకోవడానికి అక్కడ బల్ల ఉంటుంది, కరెంటు ఉంటుంది. చలికాలంలో గంటల కొద్దీ కరెంటు పోతుంటే జనరేటర్లు, పవర్ బ్యాంకులు ఇచ్చారు. హెల్మెట్ ఇచ్చినవాడు వార్త ఎలా రాయాలో చెప్పడు కదండీ.

జీతాలకు, కథనాలకు ఇచ్చే డబ్బు దగ్గర మాత్రం మీ ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. దానికి నా కొలత ఒక్కటే. యుద్ధం జరుగుతున్నా సొంత ప్రభుత్వం తప్పు కనబడితే రాశారా లేదా? 2023 జనవరిలో యూరీ నికోలోవ్ అనే జర్నలిస్టు సైన్యం తిండి కాంట్రాక్టు బయటపెట్టాడు. కీవ్ షాపుల్లో 7 హ్రివ్నియాలున్న (అక్కడి రూపాయి అనుకోండి) కోడిగుడ్డును రక్షణ శాఖ 17కు కొంటోందని రాశాడు. ఉపమంత్రి రాజీనామా చేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో రక్షణ మంత్రి కూడా మారాడు. 2024 జనవరిలో బిహుస్.ఇన్ఫో వంతు వచ్చింది. విదేశీ గ్రాంట్లు, పాఠకుల విరాళాలతో నడిచే పరిశోధన బృందం అది. ఆ సిబ్బంది కొత్త సంవత్సరం చేసుకున్న హోటల్ గదుల్లో రహస్య కెమెరాలు పెట్టారు. పెట్టించింది సొంత దేశపు భద్రతా విభాగమేనని ఆ బృందమే తవ్వి తీసింది. ఒక విభాగాధిపతి ఉద్యోగం పోయింది.

అసలు నష్టం నాకు కనబడేది మరోచోట. గ్రాంటు ఎక్కువగా ప్రాజెక్టుగా వస్తుంది. ఈ ఆరు నెలల్లో ఫలానా అంశం మీద ఇన్ని కథనాలు, ఇన్ని వీడియోలు, చివర ఇంత పెద్ద రిపోర్టు అంటారు. నలుగురున్న ఆఫీసులో ఒకరు ఆ లెక్కలు రాయడానికే సరిపోతారు. ఊళ్లో నీళ్ల పైపు పగిలిన వార్త ఏ ప్రాజెక్టులోనూ ఉండదు. పాఠకుడు పత్రిక కొనేది ఆ వార్త కోసం. దాతలు నన్నడిగితే కాగితానికి, అద్దెకు, జీతానికి ఇవ్వండి, అంశం ఎడిటర్‌కు వదిలేయండి అంటాను.

ప్రశ్న: అమ్మా, 2025లో అమెరికా ఈ సాయం ఆపేసిందని చదివాను. ఆ పత్రికలన్నీ ఏమైపోయాయి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, 2025 జనవరి 20న విదేశీ సాయం మొత్తాన్ని 90 రోజులు ఆపుతూ అమెరికా అధ్యక్షుడు సంతకం చేశారు. జూలై 1 నాటికి ఆ సాయాన్ని పంచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడే ఆగిపోయింది. ఆ ఏడాది ప్రపంచమంతటా స్వతంత్ర మీడియా కోసం అమెరికా కాంగ్రెస్ 26.8 కోట్ల డాలర్లు కేటాయించిందని రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ చెప్పింది. 2023లో యూఎస్‌ఎయిడ్ సాయం 6,200 మంది జర్నలిస్టులకు, 707 వార్తా సంస్థలకు అందింది. ఉక్రెయిన్‌లో పదింట తొమ్మిది సంస్థలు గ్రాంట్ల మీదే ఉన్నాయని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ ఇన్ఫర్మేషన్ డైరెక్టర్ ఒక్సానా రొమాన్యుక్ అప్పట్లో అన్నారు.

అలాంటి చోట పని ఆపేయండని హఠాత్తుగా ఉత్తరం వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. జీతాలు కోశారు, మనుషుల్ని తగ్గించారు, మమ్మల్ని నిలబెట్టండని పాఠకులను వేడుకున్నారు. యూరప్ దాతలు కొంత పూడ్చారు, మొత్తం పూడ్చలేకపోయారు.

దెబ్బ తక్కువ తగిలినవాళ్లూ ఉన్నారు. కీవ్ ఇండిపెండెంట్ వాళ్లు 2021 నవంబరులో తమను తీసేసిన పాత పత్రిక నుంచి బయటికొచ్చి కొత్తది పెట్టుకున్నారు. మొదట్లో గ్రాంటు తీసుకున్నా, పాఠకుల్ని తొలిరోజు నుంచే అడిగారు. ఇప్పుడు వాళ్లను ప్రధానంగా నిలబెడుతున్నది పాఠకులే. అయితే వాళ్లు ఇంగ్లిష్‌లో రాస్తారు, ప్రపంచంలో ఎక్కడివారైనా చదివి డబ్బు పంపగలరు. నాలుగు వేల మంది మిగిలిన ఊరి పత్రికకు ఆ దారి లేదు. ఆ ఊరివాళ్ల దగ్గర రొట్టెకే డబ్బు లేదు. వాళ్లను చందా అడగమని సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

మన మండల విలేకరులే గుర్తొస్తారు నాకు. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, నెలకు వచ్చేది పెట్రోలుకు చాలదు, పైగా పండగ వస్తే యాడ్స్ టార్గెట్ టెన్షన్. ప్రకటన ఇచ్చిన కాంట్రాక్టర్ మీద వార్త పంపి, అది రాలేదేమని నాకు ఫోన్ చేసి బాధపడ్డవాళ్లు ఉన్నారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. విదేశీ డబ్బు రాని చోట కూడా వార్తను ఆపే చేతులుంటాయని ఆ ఫోన్లు నాకు నేర్పాయి. అందుకే దాత ఒక్కడే అయితే ప్రమాదమని నా నమ్మకం. ఆ దాత అమెరికా అయినా, ఊళ్లో కాంట్రాక్టర్ అయినా.

ప్రశ్న: జర్నలిజం పీజీ చేస్తున్నాను. ఫ్రీలాన్సర్‌గా యుద్ధ వార్తలు రాయాలని ఉంది. మాలాంటివాళ్లకు సాయం చేసే సంస్థలు ఉన్నాయా?
– ఓ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉన్నాయమ్మా. 1993లో మాస్కోలో కాల్పుల్లో చనిపోయిన ఫ్రీలాన్స్ కెమెరామన్ రోరీ పెక్ పేరు మీద ఒక ట్రస్టు ఉంది. ఫ్రీలాన్సర్లకూ వాళ్ల కుటుంబాలకూ సాయం చేస్తుంది. 2011లో లిబియాలోని మిస్రాతాలో ఫొటోగ్రాఫర్ టిమ్ హెదరింగ్టన్ గాయపడి, రక్తం పోయి చనిపోయాడు. పక్కనున్నవాళ్లకు ప్రథమ చికిత్స తెలిసుంటే బతికేవాడేమోనన్న బాధతో ఆయన మిత్రుడు సెబాస్టియన్ యుంగర్ ఫ్రీలాన్సర్లకు ఆ శిక్షణ ఉచితంగా ఇప్పించే సంస్థ పెట్టాడు. పేరు రిస్క్.

ఒక్క పేరు గుర్తుపెట్టుకో. ఒలెక్సాండ్రా కువ్షినోవా, వయసు 24. విదేశీ చానల్ బృందానికి దారి చూపిస్తూ, భాష చెబుతూ 2022 మార్చి 14న కీవ్ పక్కనే కెమెరామన్‌తో పాటు చనిపోయింది. స్థానికంగా సాయపడే ఇలాంటివాళ్ల పేరు తెరమీద కనబడదు. రేపు నువ్వు వెళ్లే చోట కూడా నీ పక్కన అలాంటి అమ్మాయి ఒకరు ఉంటుంది. ఏ సంస్థకు దరఖాస్తు పెట్టినా, జాకెట్, ఇన్సూరెన్స్ ఇద్దరికీ అడుగు.

ఈలోగా మీ జిల్లా రెడ్‌క్రాస్ వాళ్లను ప్రథమ చికిత్స శిక్షణ ఎప్పుడుందో కనుక్కో. కారే రక్తాన్ని కట్టుతో ఆపడం చేతికి అలవాటయ్యాక నాకు మళ్లీ రాయి. దరఖాస్తు ఇద్దరం కూర్చుని రాద్దాం.