ఇంగ్లీషు ఎస్‌డీఎస్ (రసాయన భద్రత పత్రం) మీద 'చదివాను, అర్థమైంది' అని సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. జీడిమెట్ల దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా చేస్తున్నాను. డ్రమ్ముల్లోంచి ఎండీసీ, టోలీన్ లాంటి సాల్వెంట్లు రియాక్టర్‌లోకి ఎక్కించడం నా పని. మొన్న ఆడిట్ వస్తోందని ఇంగ్లీషు పేపర్ల కట్ట ఒకటి చూపించి, రిజిస్టర్‌లో 'ఎస్‌డీఎస్ చదివాను, అర్థమైంది' అన్నచోట అందరినీ సంతకం చేయమన్నారు. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. షిఫ్ట్ అయ్యాక తల పట్టేసినట్టు ఉంటోంది, ఒక్కోసారి కళ్లు తిరుగుతున్నాయి. సంతకం పెట్టకపోతే కాంట్రాక్టర్ రేపటి నుంచి రావద్దంటాడని టెన్షన్. పెడితే, ఏదైనా జరిగినప్పుడు తప్పు నాదే అంటారా? ఆ పేపర్ల కాపీ అడిగే హక్కు నాకుందా?

జవాబు: కాపీ అడిగే హక్కు మీకుంది. సంతకం పెట్టినంత మాత్రాన కంపెనీ బాధ్యత మీ నెత్తికి రాదు. అయితే ఆ సంతకం ఎలా పెడతారన్నది ముఖ్యం, అదెలాగో చెప్తాను. దానికన్నా ముందు మీ తలనొప్పి సంగతి చూడాలి, ఎందుకంటే దాని జవాబు చాలావరకు మీకు చూపించిన ఆ పేపర్లలోనే ఉండి ఉంటుంది.

ఎస్‌డీఎస్ అంటే సేఫ్టీ డేటా షీట్. మామూలుగా 16 విభాగాలు ఉంటాయి. అన్నీ మీరు చదవక్కర్లేదు. 2 ఆ రసాయనంతో ఏం ప్రమాదమో చెప్తుంది, 4 ప్రథమ చికిత్స, 7 ఎలా వాడాలి ఎలా నిల్వ చేయాలి, 8 ఏ గ్లోవ్స్ ఏ మాస్క్ ఎంత గాలి, 10 దేనితో కలిస్తే ఏమవుతుందో. ఈ ఐదూ తెలుగులో ఎవరైనా చదివి వినిపిస్తే అరగంట పని.

ఇప్పుడు మీ ఎండీసీనే తీసుకుందాం. పూర్తి పేరు మిథిలీన్ డైక్లోరైడ్, డైక్లోరోమీథేన్ అని కూడా రాస్తారు. పేరు ఎలా రాసినా సీఏఎస్ నంబర్ (ప్రతి రసాయనానికీ ఉండే గుర్తింపు సంఖ్య) 75-09-2 ఉంటే అదే. దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన ఎండాకాలంలో షెడ్డులో డ్రమ్ము మూత తీస్తే చాలు ఆవిరి తన్నుకొస్తుంది, ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి కిందనే, గుంటల్లో, డ్రమ్ముల మధ్య పేరుకుంటుంది. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తల పట్టేయడం, కళ్లు తిరగడం ఎండీసీ ఎక్కువ పీల్చినవాళ్లలో కనిపించే లక్షణాలే. మీకు దానివల్లే వస్తోందని నేను తేల్చలేను, డాక్టర్ చూడాలి. అయితే 'గ్యాస్ట్రిక్ అయి ఉంటుందిలే' అని వదిలేయకండి.

8వ విభాగంలో గ్లోవ్స్ గురించి రాసింది ప్రత్యేకంగా చదివించుకోండి. చాలా ప్లాంట్లలో నీలం రంగు నైట్రైల్ గ్లోవ్స్ ఇచ్చేసి 'పీపీఈ (రక్షణ సామగ్రి) ఇచ్చాం' అంటారు. ఎండీసీ ఆ పలుచటి నైట్రైల్‌లోంచి కొద్ది నిమిషాల్లోనే లోపలికి వచ్చేస్తుంది, దానికి పీవీఏ రకమో లామినేట్ రకమో కావాలి. మాస్క్ కూడా అంతే, మామూలు కార్ట్రిడ్జ్ ఎండీసీ ముందు ఎక్కువసేపు ఆగదు, గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్క్ అవసరం అవుతుంది. వాసన వస్తే చూసుకుందాం అనుకోవడం కూడా ప్రమాదమే, ముక్కుకు తెలిసేసరికే మోతాదు పరిమితి దాటి ఉంటుంది. ఒక మాట అడగండి: ఆ షీట్ మీద తేదీ ఎంత? పనిచోట గాలిలో ఎండీసీ పరిమితి అమెరికాలో చాలా ఏళ్లు 8 గంటల సగటున 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25), 2024లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2 పీపీఎం అని కొత్త పరిమితి పెట్టి, ఎక్కువ వాడకాలను నిషేధించింది. ఆ పరిమితి మన దగ్గర చట్టం కాదు, కానీ పదేళ్ల నాటి షీట్ పెట్టుకుని సంతకాలు తీసుకునేవాళ్లకు ఈ మార్పు తెలియదు, మీకూ తెలియనివ్వరు.

ఇక చట్టం. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో కొత్త అధ్యాయం చేర్చారు. 41బీ ప్రకారం ప్రమాదాల సమాచారం కార్మికులకు చెప్పి తీరాల్సి ఉండేది, 111ఏ ప్రకారం ఆ సమాచారం అడిగే హక్కు, శిక్షణ పొందే హక్కు కార్మికుడికి ఉండేవి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. చట్టం మారింది కదా అని ఎవరైనా మిమ్మల్ని తిప్పి పంపితే నమ్మకండి, కొత్త కోడ్‌లో 14వ సెక్షన్ సమాచారం కోరే హక్కు ఇస్తుంది, 84 యాజమాన్యం వెల్లడించాల్సిన బాధ్యత చెప్తుంది. పాత నిబంధనలు కూడా కొత్త కోడ్‌కు విరుద్ధం కానంతవరకు నడుస్తాయి. వీటితో సంబంధం లేకుండా పర్యావరణ చట్టం కింద 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు వేరే ఉన్నాయి. వాటిలో 17వ నిబంధన సేఫ్టీ డేటా షీట్ గురించే: యాజమాన్యం దాన్ని సంపాదించాలి లేదా తయారు చేయించాలి, అడిగితే చూడటానికి అందుబాటులో ఉంచాలి, ప్రతి డబ్బా మీదా లోపల ఏముందో లేబుల్ ఉండాలి.

ఆ 'తయారు చేయించాలి' అన్న మాట బల్క్ డ్రగ్ వాళ్లకు చాలా అవసరం. మీ ప్లాంట్లో 'స్టేజ్-2', 'ఇంటర్మీడియట్' అని కోడ్ పేర్లతో తిరిగే పదార్థాలు ఉంటాయి కదా, వాటికి బయట ఎక్కడా షీట్ దొరకదు. 'అది మా సీక్రెట్, షీట్ లేదు' అంటే కుదరదు. ఫార్ములా దాచుకోవచ్చు గానీ, పీలిస్తే ఏమవుతుంది, చర్మం మీద పడితే ఏం చేయాలి అన్నది దాచే హక్కు ఎవరికీ లేదు. మీరు కాంట్రాక్ట్ కార్మికుడన్నది కూడా సాకు కాదు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లూ కార్మికుల లెక్కలోకే వస్తారు.

షీట్ చదవకపోతే ఏమవుతుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకం తగ్గకుండా చూస్తుండాలి, లేకపోతే దానంతట అదే వేడెక్కి గట్టిపడే చర్య మొదలవుతుంది అని స్టైరీన్ షీట్లలో 7, 10 విభాగాల్లో రాసే ఉంటుంది.

సంతకం సంగతి. రిజిస్టర్‌లో సంతకం పక్కనే మీ చేత్తో తెలుగులో ఇలా రాయండి: 'ఇంగ్లీషు పత్రం చూపించారు. తెలుగులో వివరించలేదు. కాపీ ఇవ్వలేదు.' కింద తేదీ వేయండి. వివరించి ఉంటే వివరించారనే రాయండి, అబద్ధం వద్దు. రాయనివ్వకపోతే గొడవ పడకండి, సంతకం పెట్టేసి అదే రోజు సేఫ్టీ ఆఫీసర్‌కు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: 'సార్, ఈరోజు సంతకం తీసుకున్న ఎస్‌డీఎస్ నాకు అర్థం కాలేదు, తెలుగులో చెప్పించి కాపీ ఇప్పించగలరు.' ఇది సాక్ష్యం. ఇద్దరు ముగ్గురు కలిసి పెడితే ఇంకా మంచిది, ఒక్కడినే టార్గెట్ చేయడం కష్టమవుతుంది.

ఇప్పటికే ఉత్తగా సంతకం పెట్టేసినవాళ్లూ కంగారు పడకండి. నష్టపరిహారం హక్కును వదులుకుంటున్నట్టు కార్మికుడి చేత రాయించుకున్న ఒప్పందం చెల్లదని పాత ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షన్‌లోనే ఉండేది (2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ 2020 వచ్చింది). ప్రమాదం జరిగాక కంపెనీ లాయర్లు వాడే వాదన ఒకటుంది, 'చెప్పినా వినలేదు, కావాలనే ఆదేశం ధిక్కరించాడు' అని. అది నిలబడాలంటే ఆదేశం స్పష్టంగా ఇచ్చినట్టు చూపించాలి. తెలుగు మాత్రమే చదవగలిగే మనిషికి ఇంగ్లీషు కట్ట చూపించడం స్పష్టమైన ఆదేశం ఎలా అవుతుంది? పైగా మరణం, శాశ్వత పూర్తి అంగవైకల్యం విషయంలో ఆ వాదనకు చట్టమే చోటివ్వలేదు. మీకు ఈఎస్ఐ ఉంటే పరిహారం దారి అటు వెళ్తుంది, కాబట్టి మీ జీతంలో ఈఎస్ఐ కోత పడుతోందా, కార్డు వచ్చిందా ఈ వారమే చూసుకోండి. కాంట్రాక్టర్ కోసేసి కట్టని కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు 'తలనొప్పి' అని మాత్రమే చెప్పి రాకండి. ఏ రసాయనం, రోజుకు ఎన్ని గంటలు, ఏ మాస్క్ అన్నీ చెప్పి ఓపీ చీటీ మీద రాయించండి, డ్రమ్ము లేబుల్ ఫోటో చూపించండి (ప్లాంట్లోకి ఫోన్ తీసుకెళ్లడం నిషేధమైతే పేరు, సీఏఎస్ నంబర్ చేత్తో రాసుకోండి, మంటలంటుకునే సాల్వెంట్ల దగ్గర ఫోన్ తీయడం మంచిది కాదు). రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష షిఫ్ట్ అయిన వెంటనే చేస్తేనే ఉపయోగం. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు పనిలో పెట్టేముందు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికొకసారి కంపెనీ ఖర్చుతో పరీక్ష చేయించాలని పాత చట్టం 41సీ చెప్పింది. ఆ రిపోర్టులూ మీవే, అడగండి.

అడిగినా ఇవ్వకపోతే ఫ్యాక్టరీల శాఖకు రాయండి, జిల్లా ఇన్‌స్పెక్టర్‌కు, ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అంటున్నారు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఫిర్యాదు ఎవరిచ్చారో గోప్యంగా ఉంచాలని పాత చట్టం 118ఏ ఉండేది, మీ ఉత్తరంలో మొదటి లైన్లోనే పేరు బయటపెట్టవద్దని కోరండి. యూనియన్ ఉంటే వాళ్ల లెటర్‌హెడ్ మీద పంపడం ఇంకా భద్రం. కాంట్రాక్టర్ నిజంగానే 'రావద్దు' అంటే నోటిమాటతో ఇంటికి వచ్చేయకండి, మర్నాడు టైముకు గేటు దగ్గరికి వెళ్లి, పనికి వచ్చానని అక్కడి నుంచే కంపెనీ హెచ్ఆర్‌కు మెసేజ్ పెట్టండి. లేకపోతే 'తనే మానేశాడు' అని రాసుకుంటారు. ఆ పరిస్థితి వస్తే మెసేజ్‌లు, ఈఎస్ఐ వివరాలు, జీతం స్లిప్పులు తీసుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లండి. లాయర్ ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.