దింపని సరుకుకు బిల్లు రాయకు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బెంగళూరు పీణ్యలో నువ్వు అట్టపెట్టెలు సరఫరా చేస్తున్న కంపెనీ పర్చేజ్ మేనేజరు 700 పెట్టెలు దింపి 1,000కి బిల్లు ఇమ్మన్నాడనీ, అదనపు సొమ్ము తనకే చేరుతుంది కాబట్టి నీకు అంటేదేమీ లేదనీ నిన్న ఫోనులో అన్నావు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంటుతుంది నాయనా, నిండా అంటుతుంది.

ఆ బిల్లు మీద ఉండేది నీ జీఎస్టీ నంబరు, నీ సంతకం. సరుకు పంపకుండా బిల్లు ఇవ్వడమే జీఎస్టీ చట్టం 122వ సెక్షను కింద తప్పు. దానికి మించినది క్రిమినల్ కేసు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షను, కుట్రకు 61వ సెక్షను ఉన్నాయి; డబ్బు ఎవరి జేబులో పడినా, మోసమని తెలిసి ఇద్దరూ ఒప్పుకున్నారని తేలితే కుట్ర కేసుకు అది చాలు. ఇక కంపెనీ నష్టపరిహారానికి సివిల్ దావా వేస్తే మొత్తం నీ ఒక్కడి దగ్గరే అడగవచ్చు. అతను ఉద్యోగం మానేసి ఊరు మారతాడు, నీ షెడ్డూ మెషీన్లూ ఇక్కడే ఉంటాయి. దావా వేయడానికి గడువు మూడేళ్లే కదా, అవి గడిస్తే గండం గడుస్తుందని కూడా అనుకోకు, మోసం బయటపడే వరకు ఆ గడువు లెక్కే మొదలు కాదు.

మా పక్క షెడ్డులో బోల్టులు సరఫరా చేసే ఒకాయన ఇలాగే మొహమాటానికి పోయాడు. ప్రతి బిల్లు మీదా స్టోర్స్ ముద్ర పడింది, లెక్క సరిపోయింది. ఆడిటరు మాత్రం సెక్యూరిటీ గదిలోని గేటు రిజిస్టరు తెప్పించి ఒక్కొక్క తేదీ మీద వేలు పెట్టి చూస్తే, ఆ రోజుల్లో ఈయన లారీ నంబరే లేదు. తనకు పైసా మిగల్లేదని ఎంత మొత్తుకున్నా, ఆ సొమ్మంతా ఆయనే కట్టుకున్నాడు.

అందుచేత ఫోనులో వాదించకు. ఎన్ని పెట్టెలు దింపితే అన్నింటికే బిల్లు ఇస్తామని మర్యాదగా ఈమెయిలు రాయి. ప్రతి డెలివరీ చలాను మీద పెట్టెల సంఖ్య, లారీ నంబరు, తీసుకున్నవారి సంతకం ఉండాలి. అప్పటికీ ఒత్తిడి చేస్తే అతని పైవారికి రాయి. ఏ తేదీన ఏమడిగాడో అంతవరకే రాయి, నిందలు వేయకు. ఆర్డరు పోతే పనివాళ్ల జీతాలు కష్టమని నాకు తెలుసు, ఒకటి రెండు నెలలు నేను సర్దుతాను.

ఒకవేళ అలాంటి బిల్లు ఇప్పటికే ఒకటి ఇచ్చి ఉంటే నా దగ్గర దాచకు. తేదీలు దిద్దవద్దు, కాగితాలు చింపవద్దు. ముందు వకీలు దగ్గరకు వెళదాం. ఆదివారం జాలహళ్లికి బిల్లు పుస్తకమూ, అతని వాట్సాప్ సందేశాలు చెరపకుండా నీ ఫోనూ తీసుకుని రా.

మీ పెదనాన్న