రంగు చూసి మోసపోకండి, బ్లేడ్లు లెక్కపెట్టండి

వియత్నాం యుద్ధం మీద వచ్చిన పాత సినిమాల్లో కనిపించేవన్నీ హ్యూయీలేనా (అమెరికా సైన్యం వాడిన బెల్ యూహెచ్-1 హెలికాప్టర్లేనా), ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. అన్నీ హ్యూయీలు కావు. ఆకుపచ్చ రంగునీ, తలుపు మీద రాసిన అక్షరాలనీ అస్సలు నమ్మొద్దు. రంగు ఒక్క పూటలో మార్చేస్తారు, బ్లేడ్లు మార్చలేరు.

ఇది మా నాన్న మాట. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేశారు. మా ఇల్లు అల్వాల్‌లో. హకీంపేట హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ వాళ్ల చేతక్ హెలికాప్టర్లు రోజూ మా డాబా మీదుగానే వెళ్లేవి. 90ల్లో ఓ వేసవి సెలవుల్లో వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) అద్దెకు తెచ్చుకుని రాత్రంతా సినిమాలు చూశాం. 'రాంబో 3'లో సోవియట్ హెలికాప్టర్ కొండల మీదుగా విరుచుకుపడే సీన్ రాగానే అన్నయ్యా నేనూ "ఎమ్ఐ-24!" అని అరిచాం. నాన్న లేచి పాజ్ నొక్కారు. బొమ్మ వణుకుతూ ఆగింది. టీవీ అద్దం మీద వేలు పెట్టి "లెక్కపెట్టరా" అన్నారు. నాలుగు బ్లేడ్లు. "ఎమ్ఐ-24కి పైన ఐదు, తోకకు మూడు ఉంటాయి. దీనికి పైన నాలుగు, తోకకు ఐదు. ఇది ఫ్రెంచి వాళ్ల ప్యూమా. పక్కన ఉత్తుత్తి రెక్కలు తగిలించారు" అన్నారు. ఆ రాత్రి నుంచి నాకు ఇదే పిచ్చి.

ఆ సినిమా 1988 నాటిది. అమెరికా వాళ్లకు షూటింగ్ కోసం సోవియట్ హెలికాప్టర్ ఎవరిస్తారు? అందుకే కథ ఏ దేశానిదైనా, షూటింగ్ ఎక్కడ జరిగిందో ముందు తెలుసుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. 'అపోకలిప్స్ నౌ' ఫిలిప్పీన్స్‌లో తీశారు కాబట్టి అక్కడి ఎయిర్‌ఫోర్స్ హ్యూయీలే వాడారు. తిరుగుబాటుదారులతో పోరాటానికి వాటిని షూటింగ్ మధ్యలోనే వెనక్కి పిలిపించేవారు. 'ఫుల్ మెటల్ జాకెట్' ఇంగ్లండ్‌లో తీశారు. అందులో వియత్నాం పొలాల మీద ఎగిరేది బ్రిటిష్ వెసెక్స్. అమెరికన్ల హెచ్-34కి బదులుగా దాన్ని పెట్టారు. రెండింటి మూలం ఒకటే అయినా వెసెక్స్‌ది టర్బైన్ ఇంజిన్, అందుకే ముక్కు పొడుగ్గా ఉంటుంది.

హ్యూయీలో కూడా రకాలున్నాయి. జారే తలుపుకి ఒక కిటికీ ఉంటే పొట్టి మోడల్, రెండుంటే పొడుగు మోడల్, అంటే డి గానీ హెచ్ గానీ. గాలి వేగం కొలిచే సన్నటి గొట్టం డి మోడల్‌కి ముక్కు మీద, హెచ్‌కి నెత్తి మీద ఉంటుంది. 1965 నాటి కథలో రెండు కిటికీల హ్యూయీకి గొట్టం నెత్తి మీద కనిపించిందంటే అది తప్పే. హెచ్ మోడల్ సైన్యానికి అందింది 1967లో.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది శబ్దం దగ్గర. హ్యూయీకి ఉన్నవి రెండే బ్లేడ్లు, ఆ టపటపమనే దెబ్బ అందుకే వస్తుంది. నాలుగు బ్లేడ్ల దానికీ, ఐదు బ్లేడ్ల దానికీ తెచ్చి అదే శబ్దం అతికిస్తారు. లక్షలు పోసి సెట్లు వేస్తారు గానీ, ఆ హెలికాప్టర్ శబ్దం ఒక్కసారి రికార్డు చేసుకోవడానికి ఏం కష్టం? పక్క గదిలో ఉన్నా మా నాన్న "అది చేతక్ శబ్దం కాదురా" అనేవారు.

మీరు చూసిన సీన్ ఒకసారి పాజ్ చేసి కింద చూడండి. హ్యూయీ అయితే చక్రాలుండవు, రెండు పొడవాటి స్కిడ్‌ల (లోహపు కమ్మీల) మీద దిగుతుంది. తోక కింద చిన్న చక్రం కనిపించి, కాక్‌పిట్ ముక్కు కంటే బాగా ఎత్తులో ఉంటే వెసెక్సో, హెచ్-34నో అయ్యుంటుంది. ముక్కు పొడవెంతుందో చెప్పండి, ఆ రెండింట్లో ఏదో చెప్తాను.